క్లెరిక్ హీలింగ్ ఎప్పుడు వెయ్యాలి?

ప్రశ్న: డంజన్స్ అండ్ డ్రాగన్స్ (పాచికలతో ఆడే రోల్-ప్లేయింగ్ గేమ్) ఐదో ఎడిషన్, 2014 రూల్స్. మూడో లెవెల్ క్లెరిక్‌ని (దైవశక్తితో స్పెల్స్, అంటే మంత్రాలు, వేసే పాత్ర), విజ్‌డమ్ +3. ప్రతి టర్న్‌లో క్యూర్ వూండ్స్ (గాయాలు మాన్పే స్పెల్) వేస్తున్నా ఫైటర్ పడిపోతూనే ఉన్నాడు. తప్పెక్కడ?

జవాబు 1: లెక్క చూడండి. మొదటి లెవెల్ స్లాట్‌తో (స్పెల్ వేసినప్పుడల్లా ఒకటి ఖర్చయ్యే కోటా) క్యూర్ వూండ్స్ ఇచ్చేది సగటున 7.5 హిట్ పాయింట్లు, అంటే ప్రాణబలం. ఓగర్ అనే రాక్షసుడి గద ఒక్క దెబ్బకి సగటున 13 లాగేస్తుంది. స్లాట్లు ఖాళీ అవుతాయి, ఫైటర్ తేరుకోడు. అతను సున్నాకి పడ్డాకే హీలింగ్ వర్డ్ వెయ్యండి. 60 అడుగుల దూరం నుంచి, బోనస్ యాక్షన్‌తో (టర్న్‌లో అసలు యాక్షన్ కాక చేసే చిన్న పని) అయిపోతుంది. ఒక్క పాయింట్ వచ్చినా కళ్ళు తెరుస్తాడు, సగం కదలిక ఖర్చుపెట్టి లేచి తన టర్న్‌లో కొడతాడు. అయితే ఆ టర్న్‌లో మీ యాక్షన్‌తో క్యాంట్రిప్ (స్లాట్ అక్కర్లేని చిన్న స్పెల్) తప్ప వేరే స్పెల్ వెయ్యలేరు.

జవాబు 2: పై మాట నిజమే, కానీ ఓగర్ పక్కనే ఉంటే ఆలస్యం చెయ్యకండి. స్పృహ లేనివాడికి 5 అడుగుల లోపలి నుంచి దెబ్బ తగిలితే అది క్రిటికల్, అంటే రెండు డెత్ సేవ్‌లు (సున్నాకి పడ్డవాడు బతుకుతాడో లేదో తేల్చే పాచికలు) పోయినట్టే. మూడోది పోతే చచ్చిపోతాడు.

జవాబు 3: అసలు పడకుండా చూడండి అండీ. పోరు మొదట్లోనే బ్లెస్ వేస్తే ముగ్గురి దాడులకీ సేవ్‌లకీ (ఆపద తప్పించుకోడానికి వేసే పాచికలు) డి4, అంటే నాలుగు ముఖాల పాచిక, కలుస్తుంది, డెత్ సేవ్‌లకి కూడా. కాన్సన్‌ట్రేషన్ (స్పెల్ నిలవడానికి కావలసిన ఏకాగ్రత) మాత్రం కాపాడుకోవాలి. రెండో లెవెల్ స్లాట్ ఉంటే ఎయిడ్: ముగ్గురికి చెరో 5 పాయింట్లు, 8 గంటలు, కాన్సన్‌ట్రేషన్ అక్కర్లేదు. ముందే వెయ్యకుండా దాచుకుంటే, 30 అడుగుల్లో పడి ఉన్న ముగ్గురినీ ఒకేసారి లేపుతుంది.