అప్‌డేట్: అడుగున మిగిలిన ఆ విస్కీ అయిపోయింది

నాన్న రిటైరైన రోజు తెరిచిన 700 మి.లీ. సింగిల్ మాల్ట్ సీసాలో ఏడాదిన్నర తర్వాత ఒక 100 మి.లీ. మిగిలింది, పాడైపోయి ఉంటుందా అని పోయిన నెల అడిగాను కదా. మీరన్నది నిజమే, 40 శాతం ఆల్కహాల్ ఉన్నది పాలలా విరిగిపోదు, సీసాలో ఖాళీ పెరిగేకొద్దీ లోపల గాలి ఎక్కువై వాసన, రుచి మెల్లగా పల్చబడతాయంతే. అప్పుడే చిన్న గాజు సీసాలోకి మూతిదాకా నింపి, ఎండ తగలని అలమరాలో నిలబెట్టి ఉంచాను. పడుకోబెడితే ఆల్కహాల్ తగిలి కార్కు దెబ్బతింటుందట, ఆ మాట చెప్పినవాళ్లకి చాలా థ్యాంక్స్. అసలు పాత కార్కు తీసేటప్పుడే సగానికి విరిగి ముక్కలు లోపల పడ్డాయి, చాలా టెన్షన్ పడ్డాను, కాఫీ ఫిల్టర్ పేపర్‌తో వడకడితే సరిపోయింది.

నిన్న రాత్రి నాన్న, నేను చెరిసగం పోసుకున్నాం. మొదటి రోజున్న ఆ పొగ వాసన బాగా తగ్గింది, కానీ నాలుగు చుక్కలు నీళ్లు కలిపాక తేనెలాంటి తీపి పైకొచ్చింది, నాకైతే అదే ఎక్కువ నచ్చింది. ఖాళీ సీసా నాన్న తన బల్ల మీద పెట్టుకున్నారు.