ట్యాగ్ ఉన్న చేప దొరికితే తెలియజేయడాన్ని తప్పనిసరి చేయాలా?

గాల్వెస్టన్ తీరవాసి:

హ్యూస్టన్ నుంచి సెలవు రోజుల్లో గాల్వెస్టన్ వెళ్లి గాలం వేసే మన తెలుగువాళ్లందరినీ ఈ ప్రశ్న అడుగుతున్నాను. రెండేళ్ల కిందట మేము ఎక్కిన అద్దె పడవలో ఒకాయన గాలానికి ట్యాగ్ ఉన్న రెడ్ స్నాపర్ పడింది. చేపల లెక్క కోసం శాస్త్రవేత్తలు వీపు రెక్క కింద గుచ్చిన సన్నని ప్లాస్టిక్ పోగు మీద సంఖ్య, ఫోను నంబరు ఉన్నాయి గాని బహుమతి ప్రస్తావన లేదు. ఆయన ఆ పోగును కత్తిరించి నీళ్లలో పారేసి, "మనం లెక్కలు చెప్పిన కొద్దీ ఏటా మనకు అనుమతించే వేట రోజులు తగ్గిస్తారు" అన్నారు. నాకు చాలా బాధ కలిగింది. సముద్రంలోని చేప అందరి సొత్తు కనుక, ట్యాగ్ కనబడితే తెలియజేయాలన్న షరతును వేట లైసెన్సులోనే చేర్చాలని నా అభిప్రాయం.

పాత గాలం:

తీరవాసి గారూ, మీ బాధ న్యాయమైనదే, కానీ ఆయన అనుమానం ఊరికే పుట్టింది కాదు. 2017లో గల్ఫ్ ఆఫ్ మెక్సికోలోని ఫెడరల్ ప్రభుత్వ జలాల్లో సొంత పడవలవాళ్లకు రెడ్ స్నాపర్ వేట మొదట 3 రోజులే అన్నారు, గగ్గోలు పుట్టాక 39 రోజులు కలిపారు. చేపలు దండిగా ఉన్నాయని మేము ఎంత చెప్పినా అప్పట్లో విన్నవారు లేరు. తర్వాత టెక్సాస్‌లోని హార్ట్ పరిశోధన సంస్థ నాయకత్వంలో అనేక విశ్వవిద్యాలయాలు కలిసి కెమెరాలు, సోనార్లతో లెక్క కడితే అమెరికా గల్ఫ్‌లో సుమారు 11 కోట్ల స్నాపర్లు ఉన్నాయని తేలింది. అధికారులు అంతకు ముందు నమ్మిన సంఖ్యకు అది దాదాపు మూడు రెట్లు.

బలవంతపు నిబంధనల గతి కూడా చూశాం. అద్దె పడవలు జీపీఎస్ పరికరం పెట్టుకుని తీరాలన్న ఫెడరల్ నిబంధనను 2023లో ఐదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు కొట్టివేసింది. ట్యాగ్ వివరాలు అడిగారని, ఇరవై ఏళ్లు తిరిగి కనిపెట్టుకున్న వేట చోటును ఎవరు మాత్రం కాగితం మీద రాసిస్తారు? పైగా వేలెడంత పోగును నీళ్లలో పారేస్తే ఏ అధికారి పట్టుకోగలడు?

లెక్కల మాస్టారు:

ఇద్దరూ చట్టం గురించే మాట్లాడుతున్నారు. దాచిన ట్యాగ్ లెక్కను ఎటు తిప్పుతుందో ముందు చూద్దాం. ఒక చెరువులో వంద చేపలకు గుర్తు పెట్టి వదిలామనుకోండి. కొన్నాళ్లకు వల వేస్తే యాభై చేపలు పడి, వాటిలో అయిదింటికి గుర్తు ఉంటే, చెరువులో సుమారు వెయ్యి చేపలు ఉన్నాయని అంచనా కడతాం. డెన్మార్క్ శాస్త్రవేత్త పీటర్సన్ 1890లలో ప్లెయిస్ అనే బల్లపరుపు సముద్రపు చేపలకు గుర్తులు వేసినప్పటి నుంచి ఈ పద్ధతికి ఆధారం ఇదే. ఇప్పుడు ఆ అయిదింటిలో మూడింటిని ఎవరో దాచేస్తే, అదే చెరువులో రెండున్నర వేల చేపలు ఉన్నట్టు కనిపిస్తుంది. వేట ఒత్తిడిని, అంటే ఉన్న చేపల్లో ఎన్ని వేటకు పోతున్నాయో కొలిచేటప్పుడూ ఇంతే: పట్టిన గుర్తు చేపల్లో సగం మాత్రమే చెబితే, వేట నిజంగా ఉన్నదానిలో సగమే అనిపిస్తుంది. కాబట్టి ట్యాగ్ పారేసిన ఆయన తన రోజులను కాపాడుకోలేదు. చేప తగ్గిపోతున్నా బాగానే ఉందని చూపించే తప్పుడు లెక్కకు సాయపడ్డారు. దాని వల్ల ఒకటి రెండేళ్లు రోజులు పెరిగినా, పట్టడానికి చేప మిగలదు.

దాచేవాళ్లు ఉంటారని శాస్త్రవేత్తలకు తెలియకపోలేదు. అందుకే కొన్ని చేపలకు మామూలు ట్యాగులు, కొన్నింటికి పెద్ద బహుమతి ట్యాగులు వేస్తారు. పెద్ద మొత్తం ఉన్నది దాదాపు అందరూ తెచ్చిస్తారు కనుక, రెండు రకాలు తిరిగివచ్చిన నిష్పత్తులను పోలిస్తే ఎందరు మౌనంగా ఉన్నారో తెలుస్తుంది. పాత గాలం గారు చెప్పిన స్నాపర్ లెక్కలో కూడా 2019లో ఒక్కో ట్యాగుకు 250 డాలర్లు, రెండు ట్యాగులున్న చేపకు 500 డాలర్లు ఇచ్చారు. నేను చట్టం కంటే ఈ దారినే నమ్ముతాను.

గాల్వెస్టన్ తీరవాసి:

మాస్టారు గారూ, చెరువు లెక్క చదివాక లైసెన్సు షరతు మీద నా పట్టు సడలింది. భయపడి ఇచ్చే తప్పుడు తేదీ, తప్పుడు చోటు ఉన్న నివేదిక మౌనం కంటే ఎక్కువ చెరుపు చేస్తుంది. అయితే ప్రతి చేపకూ 250 డాలర్లు ఇచ్చే స్తోమత ఎన్ని సంస్థలకు ఉంటుంది? 1962 నుంచి నడుస్తున్న ఎన్‌ఓఏఏ (అమెరికా ప్రభుత్వ సముద్ర, వాతావరణ సంస్థ) సొరచేపల ట్యాగ్ కార్యక్రమం ప్రధానంగా స్వచ్ఛందంగా సహకరించే వేటగాళ్ల మీదే నిలబడింది. నంబరు పంపినవారికి ఆ చేపకు ఎక్కడ, ఎప్పుడు ట్యాగ్ వేశారో చెబితే చాలామందికి అదే గొప్ప బహుమతి అని నా నమ్మకం. చోటు విషయంలో పాత గాలం గారి మాట కాదనలేను. కచ్చితమైన బిందువు కాక పటం మీద పది మైళ్ల గడి చెబితే చాలనే వీలు ఉండాలి.

ఒక్క కోరిక మాత్రం వదలను. పడవ కదిలే ముందు లైఫ్ జాకెట్ల గురించి చెప్పినట్టే, ట్యాగ్ కనబడితే పట్టిన నాచును గోటితో గీకి, నంబరు, తేదీ, చేప పొడవు రాసుకోవాలని కెప్టెన్ ఒక్క మాట చెప్పాలి. ఆ రోజు ఎవరైనా ఆ మాట చెప్పి ఉంటే, ఆ పోగు నీళ్లలో పడేది కాదేమో.