జావా హీప్‌కు కచ్చితమైన అంకె ఇవ్వాలా, శాతానికి వదిలేయాలా?

రాత్రిడ్యూటీ:

మా బృందంలో నాలుగు రోజులుగా తెగని వాదన ఒకటి ఇక్కడ పెడుతున్నాను. లైనక్స్ కంటైనర్‌లో (ప్రోగ్రామును మిగతావాటి నుంచి వేరుచేసి, దాని మెమొరీకి హద్దు పెట్టే ఏర్పాటు) నడిచే మా జావా 17 సర్వీసుకు మెమొరీ పరిమితి 1 జీబీ ఉంది, జావా ఆబ్జెక్టులు ఉండే హీప్ అనే మెమొరీ భాగానికి గరిష్ఠ హద్దు పెట్టే ఎక్స్‌ఎమ్‌ఎక్స్ ఆప్షన్ స్టార్ట్ స్క్రిప్టులో 900 ఎంబీ అని రాసి ఉంది. పగలంతా సవ్యంగానే నడుస్తుంది. రాత్రి బ్యాచ్ పని మొదలైన అరగంటకు చెప్పాపెట్టకుండా ఆగిపోతుంది. లాగ్‌లో చివరి వరుస ఏ విశేషమూ లేని మామూలు వరుస. అవుట్‌ఆఫ్‌మెమొరీఎర్రర్ లేదు, హీప్ డంప్ (హీప్‌లో ఉన్నదాని నకలు) తీయమని ముందే ఆప్షన్ ఇచ్చినా డంప్ లేదు, జావా ప్రోగ్రామును నడిపే జేవీఎం కూలినప్పుడు వదిలే హెచ్‌ఎస్_ఎర్ ఫైలూ లేదు. దొరికిన ఆనవాలు ఎగ్జిట్ కోడ్ 137 ఒక్కటే.

ఒక సహోద్యోగి ఎక్స్‌ఎమ్‌ఎక్స్‌ను 700కు దించితే చాలంటున్నారు. ఇంకొకరు అసలు అంకెలు రాయడమే పాతకాలపు పద్ధతి, దాన్ని తీసేసి హీప్ గరిష్ఠ హద్దును మెమొరీలో శాతంగా చెప్పే మ్యాక్స్‌ర్యామ్‌పర్సెంటేజ్ 75 అని పెడితే జేవీఎం తన లెక్క తానే చూసుకుంటుందంటున్నారు. ఈ ఒక్క సర్వీసు సంగతి ఎలాగూ తేలుతుంది. అన్ని సర్వీసులకూ వర్తించే నియమంగా ఈ రెండింటిలో దేన్ని పెట్టుకోవాలన్నదే నా ప్రశ్న.

సర్వర్‌కాపరి:

ముందు 137 గురించి చెబుతాను. 128కి సిగ్నల్ సంఖ్యను కలిపితే వచ్చే అంకె అది, 9 అంటే ప్రాసెస్‌ను బలవంతంగా చంపే సిగ్‌కిల్. ఆ సిగ్నల్‌ను ఏ ప్రాసెస్సూ పట్టుకోలేదు కనుక డంప్ రాయడానికీ, చివరి మాట లాగ్‌లో పెట్టడానికీ జేవీఎంకు అవకాశమే ఉండదు. అసలు సాక్ష్యం కంటైనర్‌ను నడిపే యంత్రం, అంటే హోస్ట్ మీద ఉంటుంది. అక్కడ కర్నెల్ సందేశాలు చూపే డీఎమెస్జీ కమాండ్‌తో చూస్తే, కంటైనర్‌కు హద్దు పెట్టే మెమొరీ సీగ్రూప్ నిండిందనీ, జావా అనే ప్రాసెస్‌ను చంపామనీ కర్నెల్ రాసిన వరుస కనబడుతుంది. సీగ్రూప్ రెండో వెర్షన్ ఉన్నచోట మెమొరీ.ఈవెంట్స్ ఫైలులో మెమొరీ చాలక ఎన్నిసార్లు చంపిందో చెప్పే ఊమ్_కిల్ పక్కనున్న లెక్క ఒకటి పెరిగి ఉంటుంది. ఈ రెండూ చూడకుండా ఎవరూ హీప్ అంకె జోలికి పోకూడదు, ఎందుకంటే ఎవరో చేత్తో కిల్ కొట్టినా వచ్చేది ఇదే 137.

ఇక మీ అసలు ప్రశ్నకు నా జవాబు, అంకే రాయండి. స్క్రిప్టు తెరిస్తే హీప్ ఎంతో కళ్లకు కనబడాలి. శాతం రాస్తే ఆ విలువ దేనిలో శాతమో తెలుసుకోవడానికి ఇంకో చోటికి వెళ్లాలి, ఆ చోటు మనం అనుకున్నదే అవుతుందన్న హామీ కూడా లేదు. కంటైనర్‌కు పరిమితి పెట్టడం ఎవరైనా మరిచిపోతే జేవీఎం యంత్రం మొత్తాన్ని చూస్తుంది. 64 జీబీ యంత్రంలో 75 శాతం అంటే 48 జీబీ. అలాంటి సర్వీసులు మూడు పక్కపక్కన ఉంటే, ప్రతి ఒక్కటీ ఇల్లంతా తనదేననుకుంటుంది.

ఒకేఇమేజ్:

సర్వర్‌కాపరి గారి భయం నిజమే, కానీ పరిమితి పెట్టడం మరిచిపోవడం పరిమితి పెట్టేవారి తప్పు, శాతం తప్పు కాదు. మేం ఒకే ఇమేజ్‌ను (కంటైనర్ తయారయ్యే ప్యాకేజీని) పరీక్షలకు 1 జీబీలో, అసలు వాడుకకు 4 జీబీలో నడుపుతాం. అంకె రాసి ఉన్న రోజుల్లో జరిగింది చెబుతాను. సర్వీసు నెమ్మదించిందని ఒకరు పరిమితిని 2 నుంచి 4 జీబీకి పెంచారు, ఎక్స్‌ఎమ్‌ఎక్స్ మాత్రం ఇమేజ్ లోపల 1500 దగ్గరే ఉండిపోయింది. రెండు వారాల పాటు 2 జీబీకి పైగా ఖాళీగా పడి ఉంది, వాడుకలో లేని ఆబ్జెక్టులను హీప్ నుంచి తీసేసే గార్బేజ్ కలెక్టర్ మాత్రం ఊపిరాడక తిరిగింది. దీనికి తలకిందులుగా జరిగితే ఇంకా ప్రమాదం. పరిమితిని 768కి దించి ఎక్స్‌ఎమ్‌ఎక్స్ 900 అలాగే వదిలేసినా జేవీఎం అభ్యంతరం చెప్పదు, హాయిగా మొదలవుతుంది. హీప్‌కు అది ముందుగా తీసుకునేది వర్చువల్ చిరునామాలనే, పేజీలను నిజంగా తాకినప్పుడే కర్నెల్ లెక్కలోకి ఎక్కుతాయి. అందుకే చావు మొదట్లో రాదు, పని ముదిరిన వేళ వస్తుంది.

సర్వర్‌కాపరి:

మొదట్లోనే తేలాలంటే మార్గం ఉంది. హీప్ ప్రారంభ పరిమాణం చెప్పే ఎక్స్‌ఎమ్‌ఎస్‌ను ఎక్స్‌ఎమ్‌ఎక్స్‌తో సమానం చేసి, ఆల్వేస్‌ప్రీటచ్ ఆప్షన్ ఇస్తే హీప్ పేజీలన్నిటినీ జేవీఎం మొదలవుతూనే తాకుతుంది. సరిపోకపోతే అప్పుడే చస్తుంది, రాత్రి రెండింటికి కాదు. అన్నట్టు, శాతాన్ని ఇంతగా నమ్మేవారు మిన్‌ర్యామ్‌పర్సెంటేజ్ అనే ఆప్షన్ ఏం చేస్తుందో ఒకసారి చదవాలి. పేరు చూసి హీప్ కనీస పరిమాణం అనుకుంటారు. నిజానికది మెమొరీ బాగా తక్కువగా, సుమారు 250 ఎంబీ లోపు ఉన్న చోట హీప్ గరిష్ఠ పరిమాణాన్ని నిర్ణయిస్తుంది. పేరుకే ఇంత తికమక ఉన్న చోట నా సర్వీసును వదిలేయలేను.

హీప్‌బయట:

మీ ఇద్దరి వాదనా బాగుంది, కానీ రెండూ హీప్ చుట్టూనే తిరుగుతున్నాయి, చంపింది మాత్రం హీప్ కాదు. కర్నెల్ లెక్కలో హీప్ ఒక భాగమే. దాని బయట క్లాసుల సమాచారం దాచే మెటాస్పేస్ ఉంది, మనం చెప్పకపోతే దానికి పైహద్దే ఉండదు. ఒక్కో థ్రెడ్‌కు 64 బిట్ లైనక్స్‌లో మామూలుగా 1 ఎంబీ వరకు స్టాక్ ఉంది. నడుస్తుండగానే జావాను యంత్ర కోడ్‌గా మార్చే జిట్ కంపైలర్ తయారుచేసిన కోడ్ దాచే కోడ్ క్యాష్ ఉంది, మామూలుగా వాడే దశలవారీ పద్ధతి అయిన టైర్డ్ కంపైలేషన్‌లో దాని హద్దు 240 ఎంబీ. నెట్‌వర్క్ లైబ్రరీలు వాడే డైరెక్ట్ బఫర్లు ఉన్నాయి, మ్యాక్స్‌డైరెక్ట్‌మెమొరీసైజ్ ఇవ్వకపోతే అవి ఇంచుమించు గరిష్ఠ హీప్ అంత వరకు పెరగవచ్చు. 1024లో 900 హీప్‌కు ఇచ్చి, మిగిలిన 124లో ఇవన్నీ సర్దుకుంటాయని అనుకోవడం కాకిలెక్క. 700 అన్నా, 75 శాతం అన్నా కూడా కాకిలెక్కే, ఎందుకంటే ఆ మిగతా భాగాన్ని ఎవరూ కొలవలేదు.

కొలవడం కష్టం కాదు. జేవీఎం తీసుకున్న మెమొరీని పద్దులవారీగా లెక్కపెట్టే నేటివ్‌మెమొరీట్రాకింగ్ ఆప్షన్‌ను సమ్మరీ అని పెట్టి సర్వీసును మొదలుపెట్టండి. వేగంలో 5 నుంచి 10 శాతం దాకా పోవచ్చు కనుక ఎల్లకాలం ఉంచవద్దు. పని ముదిరిన వేళ అదే యూజర్‌గా, నడుస్తున్న జేవీఎంను ప్రశ్నించే జేసీఎండీ కమాండ్ నడిపి, వీఎం.నేటివ్_మెమొరీ సమ్మరీ అని అడగండి. విడివిడిగా రిజర్వ్‌డ్, కమిటెడ్ అని రెండు అంకెలు వస్తాయి, రిజర్వ్‌డ్ అంటే చిరునామాలు మాత్రమే పట్టుకున్నది, కమిటెడ్ అంటే వాడకానికి తీసుకున్నది, మీకు కావలసింది కమిటెడ్. సర్వీసు చావకుండా కొలవాలంటే పరిమితిని తాత్కాలికంగా 2 జీబీకి పెంచాలి. కానీ ఇక్కడే ఒక గొయ్యి ఉంది. గార్బేజ్ కలెక్టర్ పేరు మీరు చెప్పకపోతే జావా 17 ప్రాసెసర్లు రెండుకు తక్కువైనా, మెమొరీ 1792 ఎంబీకి తక్కువైనా సీరియల్ అనే కలెక్టర్‌ను ఎంచుకుంటుంది, లేదంటే జీ1 అనేదాన్ని తీసుకుంటుంది. మీరు పరిమితి పెంచగానే కలెక్టరే మారిపోయి, ఒక సర్వీసును కొలవబోయి ఇంకో సర్వీసును కొలిచినట్టవుతుంది. కొలిచేటప్పుడు యూజ్‌సీరియల్‌జీసీ అని తప్పక రాయండి. శాతం మీద నాకున్న అనుమానం కూడా ఇక్కడే మొదలవుతుంది. పరిమితి మారితే హీప్ ఒక్కటే మారి, మిగతాదంతా ఉన్నట్టే ఉంటుందని శాతం పెట్టేవారు అనుకుంటారు.

రాత్రిడ్యూటీ:

నిన్న రాత్రి కూర్చొని కొలిచాను. డీఎమెస్జీలో సర్వర్‌కాపరి గారు చెప్పిన వరుస అక్షరాలా ఉంది, ఊమ్_కిల్ లెక్క 4 చూపిస్తోంది.

మొదట నా పొరపాటు ఒప్పుకోవాలి. వాదన మొదలైన రోజే మేం 75 శాతాన్ని జావా_టూల్_ఆప్షన్స్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో పెట్టి చూశాం. దాన్ని తీసుకున్నానని జేవీఎం మొదటి వరుసలో ప్రకటించింది కూడా. అయినా సర్వీసు చచ్చేసరికి శాతం పనికిరాదని తీర్మానించాం. నిజానికి స్టార్ట్ స్క్రిప్టులో ఎక్స్‌ఎమ్‌ఎక్స్ 900 అలాగే ఉంది. అది ఉంటే శాతాన్ని జేవీఎం పట్టించుకోదు, ఆ సంగతి చెప్పదు కూడా. చివరికి అమల్లో ఉన్న విలువలన్నీ చూపే ప్రింట్‌ఫ్లాగ్స్‌ఫైనల్ పెట్టి మ్యాక్స్‌హీప్‌సైజ్ వరుస చూశాక గానీ మా పరీక్ష జరగనే లేదని తెలియలేదు.

ఇక కొలతలు. పరిమితి 2 జీబీ, కలెక్టర్ సీరియల్, బ్యాచ్ మధ్యలో ఉన్నప్పుడు హీప్ కమిటెడ్ 812 ఎంబీ. మెటాస్పేస్‌తో కలిపి క్లాసులకు 118, డైరెక్ట్ బఫర్లు ఉండే అదర్ పద్దులో 92, కోడ్‌కు 58, థ్రెడ్లకు 31, సింబల్స్‌కు 22, చిల్లరమల్లరగా 30. హీప్ బయటిది మొత్తం 351. అంటే 1163 కావాలి, మేం ఇచ్చింది 1024. తమాషా ఏమిటంటే 700కు దించినా 351 కలిస్తే 1051 అవుతుంది, 75 శాతానికి 768కి 351 కలిస్తే 1119 అవుతుంది. హీప్ నిండే రోజున మా ఇద్దరు సహోద్యోగుల సలహాలూ సర్వీసును చంపేవే. పైగా ప్రాసెస్ స్టేటస్ ఫైలులో ప్రాసెస్ నిజంగా ఆక్రమించిన మెమొరీని చెప్పే వీఎంఆర్‌ఎస్‌ఎస్ 1213 చూపిస్తోంది. ఆ తేడా 50 ఎంబీ ఎక్కడిదో నాకు అంతుపట్టలేదు.

హీప్‌బయట:

జేవీఎం తాను అడిగిన మెమొరీనే లెక్క రాస్తుంది. కంప్రెషన్ వంటి సీ లైబ్రరీలు తమంతట తాము మెమొరీ అడిగే మాలక్ ఫంక్షన్‌తో తీసుకున్నది ఆ పద్దులో పడదు. అదీ కాక, థ్రెడ్లు ఒకదానికొకటి అడ్డురాకుండా లైనక్స్ సీ లైబ్రరీ అయిన జీలిబ్‌సీ వేర్వేరు అరీనాలు (మెమొరీ పంచే విడి నిల్వలు) తెరుస్తుంది, 64 బిట్ యంత్రంలో కోర్‌కు 8 చొప్పున వాటి హద్దు. ఖాళీ అయిన ముక్కలు వాటిలో ఇరుక్కుపోయి వెంటనే తిరిగి రావు. మాలక్_అరీనా_మ్యాక్స్ 2 అని ఎన్విరాన్‌మెంట్‌లో పెట్టి మళ్లీ కొలవండి.

పాతకర్నెల్:

ఇది చదువుతున్నవారిలో పాత జావా వాడేవారికి ఒక హెచ్చరిక. కంటైనర్ పరిమితిని తనంతట తాను గుర్తించడం జావా 10తో వచ్చింది, 8లో 191వ అప్‌డేట్‌తో చేరింది. సీగ్రూప్ రెండో వెర్షన్‌ను గుర్తించడం 15తో మొదలైంది. ఆ తర్వాతే అది 11.0.16కూ, 8లో 372వ అప్‌డేట్‌కూ వచ్చింది. అంతకు ముందటి జావాను రెండో వెర్షన్ వాడే కొత్త హోస్ట్ మీదకు మారిస్తే, నిన్నటిదాకా పరిమితిని చూసిన జేవీఎం ఇవాళ్టి నుంచి యంత్రం మొత్తాన్ని చూస్తుంది. కోడ్ మారలేదు, ఇమేజ్ మారలేదు, హోస్ట్ మారింది. ఎక్స్‌షోసెట్టింగ్స్‌కు సిస్టమ్ అని జోడిస్తే జావా 11 నుంచి ఏ పరిమితిని గుర్తించిందో చెబుతుంది. దాన్ని చూడకుండా శాతం పెట్టవద్దు.

ఒకేఇమేజ్:

రాత్రిడ్యూటీ గారి కొలతలు చూశాక ఒక విషయంలో వెనక్కి తగ్గుతున్నాను. 351 అనేది పరిమితితో పాటు పెరిగేది కాదు. మా 4 జీబీ సర్వీసులో 75 శాతం పెడితే బయట 1 జీబీ మిగిలి, అందులో చాలాభాగం వృథా అవుతోంది. 512లో అదే శాతం పెడితే బయట 128 మిగిలి సర్వీసు చస్తుంది. 75 అనేది ఏదో ఒక పరిమాణానికే నప్పుతుంది. అయితే దీనివల్ల అంకె గెలిచిందని ఒప్పుకోను. మారనిది హీప్ బయటి భాగం కాబట్టి, రాసి పెట్టుకోవలసిన అంకె కూడా దానిదే. పరిమితిలోంచి దాన్ని తీసేస్తే మిగిలింది హీప్.

సర్వర్‌కాపరి:

అంటే చివరికి అంకే రాస్తున్నారు, తీసివేత రూపంలో. నాకు అభ్యంతరం లేదు గానీ, ఆ తీసివేత చేసే స్క్రిప్టును ఎవరు చూసుకుంటారు? పరిమితి పెట్టని చోట, సీగ్రూప్ పరిమితిని చూపే మెమొరీ.మ్యాక్స్ ఫైలులో అంకె ఉండదు, మ్యాక్స్ అనే మాట ఉంటుంది. స్క్రిప్టును నడిపే బ్యాష్ తన లెక్కలో ఆ మాటను వేరియబుల్ పేరు అనుకొని సున్నా కింద తీసుకుంటుంది, మీ హీప్ రుణ సంఖ్య అవుతుంది.

రాత్రిడ్యూటీ:

సరిగ్గా అదే జరిగింది. అరీనాలను 2కు తగ్గించాక 50 ఎంబీ తేడా సగానికి వచ్చింది. కొంత వెసులుబాటు కలిపి హీప్ బయటి భాగాన్ని 400గా లెక్కపెట్టి, స్క్రిప్టులో తీసివేత రాశాను. పరిమితి లేని నా సొంత యంత్రంలో నడపగానే హీప్ గరిష్ఠ పరిమాణం చెల్లదంటూ, ఎక్స్‌ఎమ్‌ఎక్స్ పక్కన మైనస్ 400 చూపించి జేవీఎం మొదటి అడుగులోనే ఆగింది. ఇప్పుడు ఆ ఫైలులో మాట కనబడితే పరిమితి పెట్టమని చెప్పి స్క్రిప్టే ముందుగా ఆగిపోతుంది. డైరెక్ట్ బఫర్లు లెక్క దాటకుండా వాటికి 96 ఎంబీ హద్దు పెట్టాను.

1 జీబీలో హీప్‌కు 624 వచ్చింది. జీసీ లాగ్ ప్రకారం పూర్తి కలెక్షన్ తర్వాత మిగిలేది 430 దగ్గర ఉంది కనుక సరిపోతోంది, బ్యాచ్ మాత్రం మునుపటి కన్నా ఆరు నిమిషాలు ఎక్కువ తీసుకుంటోంది. ఊమ్_కిల్ లెక్క మూడు రాత్రులుగా సున్నా. 700 అన్న సహోద్యోగి ఆ ఆరు నిమిషాలు ఎందుకు పోగొట్టుకోవాలి, పరిమితినే 1200 చేయవచ్చు కదా అని ఈ ఉదయం కొత్త వాదన మొదలుపెట్టారు. దానికి నా దగ్గర ఇంకా జవాబు లేదు.