చిన్న ఇంట్లో డైపర్ మార్చే చోటు, లాల పోసే ఏర్పాటు: ఎలా సర్దుకోవాలి?

కొత్తపొత్తిళ్లు:
పదికి పదకొండు అడుగుల పడగ్గది ఒకటి, చిన్న హాలు, నాలుగుకి ఆరు అడుగుల బాత్రూమ్. కమోడ్ కూడా అందులోనే. బోరు నీళ్లు, 15 లీటర్ల కరెంటు గీజర్. కాన్పుకి ఇంకా మూడు వారాలుంది, ఆపరేషన్ కావచ్చన్నారు. డైపర్ మార్చడానికి టేబుల్ కొనాలా? టబ్ ఎక్కడ పెట్టాలి? తెలిసినవాళ్లు కొలతలతో సహా చెప్పండి.

నేలమీదచాప:
టేబుల్ కొనకండి. పదకొండు అడుగుల గదిలో అది మంచానికీ బీరువాకీ మధ్య దారి మూసేస్తుంది. బిడ్డ నాలుగో నెలకి అటూ ఇటూ దొర్లడం మొదలుపెడితే ఎత్తు మీద మార్చడమంటేనే భయం. నేల మీద నుంచి మాత్రం ఎక్కడికీ పడదు.

రెండడుగుల వెడల్పు, మూడడుగుల పొడవు చోటు చాలు. తలుపు తెరిచినా తగలని గోడ మూల చూసుకోండి. అడుగున రబ్బరు షీటు, దాని మీద నాలుగు మడతలు వేసిన పాత నూలు చీర, పైన అరచదరపు గజం గుడ్డ ఒకటి. తడిసేది పైగుడ్డ, దాన్ని మార్చుకుంటే సరిపోతుంది. రబ్బరు షీటు నేరుగా బిడ్డ ఒంటికి తగలకూడదు, చెమట పట్టి వీపంతా పేలిపోతుంది.

సామాను పెట్టె మీ కుడిచేతి వైపు ఉండాలి, బిడ్డ తల ఎడమచేతి వైపు. ఎడమచేతివాటం అయితే దీనికి తిరగేసి. పెట్టెలో డైపర్లు నాలుగు, దూది ఉండలో మెత్తటి గుడ్డముక్కలో పది, మూతున్న గిన్నెలో గోరువెచ్చని నీళ్లు, జింక్ ఆక్సైడ్ క్రీము, మార్చే చొక్కా ఒకటి, మురికి డైపర్ చుట్టడానికి పాత పేపరు. బిడ్డని పడుకోబెట్టకముందే గిన్నె మూత తీసి, కొత్త డైపర్ విప్పి పరిచి ఉంచాలి. ఒక చెయ్యి ఎప్పుడూ బిడ్డ మీదే ఉంటుంది, కాబట్టి రెండో చేత్తో తెరవలేని డబ్బా ఏదీ ఆ పెట్టెలో ఉండకూడదు.

పురిటిగది:
ఆపరేషన్ అయితే పై మాటకి ఒక సవరణ. మొదటి వారాల్లో నేల మీద కూర్చుని లేవడం కుట్ల మీద భారం. అప్పటికి మంచం మీదే, గోడవైపు బిడ్డ, బయటివైపు మీరు. నిలబడి మార్చాలంటే మీ నడుము ఎత్తుకి, అంటే 85 నుంచి 90 సెంటీమీటర్ల ఎత్తులో ఉన్న గట్టి బల్ల కావాలి. వంగి మార్చే ఎత్తయితే నడుము పట్టేస్తుంది. ఆరు వారాలపాటు బిడ్డకంటే బరువైనదేదీ ఎత్తకూడదు. నీళ్ల బకెట్ మొయ్యడం వేరేవాళ్ల పని, ముందే మాట్లాడి పెట్టుకోండి.

మార్చే పద్ధతి: పాత డైపర్ ముందుభాగంతోనే ఎక్కువ మలం తుడిచేసి, దాన్ని పిర్రల కింద మడిచి ఉంచండి. తడి దూదితో ముందునుంచి వెనక్కే తుడవాలి. ఆడపిల్లకి ఇది తప్పనిసరి, వెనకనుంచి ముందుకి తుడిస్తే మూత్రనాళానికి ఇన్ఫెక్షన్ రావచ్చు. మగపిల్లాడికి ముందు చర్మం వెనక్కి లాగకండి, అది దానంతటదే వదులయ్యేదాకా అలాగే ఉండాలి. గజ్జల్లో, తొడ మడతల్లో మెత్తటి గుడ్డ అద్ది తేమ తీసి, ఒక్క నిమిషం గాలికి వదిలి అప్పుడు కొత్తది కట్టండి. రెండు కాళ్లూ పైకెత్తేటప్పుడు చీలమండల మధ్య మీ వేలు ఒకటి పెట్టి పట్టుకుంటే ఎముకలు ఒరుసుకోవు.

పౌడర్ వద్దు. గాల్లో లేచిన పొడి ఊపిరితిత్తుల్లోకి పోతుంది, చెమటతో కలిసి మడతల్లో గడ్డకడుతుంది.

నేలమీదచాప:
కారిపోవడం గురించి కూడా చెప్పాలి, అందరూ కంపెనీని తిడతారు గానీ చాలాసార్లు తప్పు కట్టడంలో ఉంటుంది. తొడ చుట్టూ ఉండే కుచ్చు లోపలికి మడతపడితే అక్కణ్నుంచే కారుతుంది. కట్టిన తర్వాత వేలితో చుట్టూ తిప్పి బయటికి లాగాలి. మగపిల్లాడికి అంగం కిందికి ఉండేలా చూడకపోతే నడుము దగ్గర తడుస్తుంది. నడుము దగ్గర రెండు వేళ్లు దూరేంత వదులు చాలు. బొడ్డు ఊడేదాకా ముందు అంచుని బొడ్డు కిందికి మడవాలి. తొడ మీద ఎర్రటి గీతలు పడుతుంటే సైజు మార్చే వేళ అయింది.

తెల్లగుడ్డ:
గుడ్డలు వాడే ఆలోచన ఉంటే లెక్క ఇది. మొదటి నెలలో రోజుకి పది పన్నెండుసార్లు మార్చాలి. ఉతికినవి మర్నాటికి ఆరాలి. అంటే 24 గుడ్డలు, వానాకాలం అయితే 36. మెత్తబడిన నాలుగు గజాల నూలు పంచె ఒకటి 60 సెంటీమీటర్ల చదరాలుగా కోస్తే పన్నెండు వస్తాయి. మూడు పంచెలతో వానాకాలం కూడా గట్టెక్కుతుంది. అంచులు కుట్టించండి, లేకపోతే దారప్పోగులు ఊడి బిడ్డ వేళ్లకి చుట్టుకుంటాయి. ఆ పోగు బిగిస్తే రక్తం ఆడదు, చిన్న విషయం కాదు.

ఆరేయడానికి చోటు లేదంటే బాల్కనీ సీలింగుకి పుల్లీ హ్యాంగర్ బిగించుకోండి. ఆరడుగుల కడ్డీలు ఆరు. గుడ్డని సగానికి మడిచి వేస్తే కడ్డీకి ఆరు చొప్పున 36 పడతాయి, నేల మీద ఒక్క అడుగు కూడా పోదు.

ఉతకడం: మలం కమోడ్‌లో దులిపి, ముందు చల్లనీళ్లతో జాడించాలి. వేడినీళ్లు ముందే పోస్తే మరక అతుక్కుపోతుంది. తర్వాత వేడినీళ్లు, తక్కువ సబ్బు, రెండుసార్లు జాడింపు. బోరు నీళ్లలో సబ్బు సరిగా పోదు, గుడ్డ అట్టలా బిరుసెక్కి చర్మం ఒరుస్తుంది. ఆఖరి జాడింపుకి మాత్రం మున్సిపాలిటీ మంచినీళ్లు ఒక బకెట్ పక్కన పెట్టుకోండి. మెత్తదనం కోసం కంఫర్ట్ లాంటివి పోయకండి, గుడ్డ పీల్చుకోవడం మానేస్తుంది. డెట్టాల్ రోజూ అక్కర్లేదు, ఎండ చాలు. ఎండలో పసుపు మరక కూడా తేలిపోతుంది.

నానబెట్టిన బకెట్ మూత లేకుండా బాత్రూమ్‌లో వదిలేయకండి. ఇంట్లో పాకే పిల్లలో నడిచే పిల్లలో ఉంటే మరీ. తలకిందులుగా పడితే అరబకెట్ నీళ్లలోంచి పిల్లలు లేవలేరు.

పురిటిగది:
ఇక స్నానం. పుట్టిన 24 గంటలదాకా స్నానం వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. బొడ్డు ఊడేదాకా, అంటే దాదాపు వారం నుంచి రెండు వారాలు, తడిగుడ్డతో ఒళ్లు తుడిస్తే సరిపోతుంది. బొడ్డు మీద పసుపు, నూనె, పౌడర్ ఏమీ పెట్టకూడదు. పొడిగా ఉంటే అదే ఎండి రాలుతుంది. బరువు తక్కువగా పుట్టిన బిడ్డకి డాక్టర్ సరేననేదాకా నీళ్లు పోయకండి.

తుడిచే ముందు గది తలుపులు మూసి, ఫ్యాను, ఏసీ ఆపేయండి. ముందు కళ్లు, ఒక్కో కంటికీ వేరే దూది, ముక్కు వైపునుంచి చెవి వైపుకి. తర్వాత ముఖం, మెడ, చంకలు, ఆఖర్న కింది భాగం. తుడుస్తున్న చోటు తప్ప మిగతా ఒళ్లంతా గుడ్డలో ఉండాలి.

నీళ్లవేడి:
గీజర్ గురించి నేను చెప్తా. థర్మోస్టాట్‌ని 50 డిగ్రీల దగ్గర పెట్టండి. 60 డిగ్రీల నీళ్లు పసి చర్మం మీద కొన్ని సెకన్లలోనే కాలుస్తాయి. బిడ్డ స్నానానికి కావాల్సింది 37 డిగ్రీలు. ఎప్పుడూ ముందు చన్నీళ్లు, తర్వాత వేడినీళ్లు. తిరగేసి పోస్తే టబ్ అడుగు వేడెక్కి ఉంటుంది.

గీజర్ 60 మీదే ఉంటే, ట్యాంకు నీళ్లు 28 డిగ్రీలు ఉన్న రోజుల్లో మూడు మగ్గుల చన్నీళ్లకి ఒక మగ్గు వేడినీళ్లు. డిసెంబరులో ట్యాంకు నీళ్లు 20కి దిగితే నాలుగుకి మూడు. పొయ్యి మీద మరగబెట్టిన నీళ్లయితే, 28 డిగ్రీల ట్యాంకు నీళ్లు ఏడు మగ్గులకి ఒకటే. ఇవి మొదలుపెట్టడానికి లెక్కలు, చివరి మాట మోచేతిదే. అరచెయ్యి వేడికి అలవాటుపడి ఉంటుంది, నమ్మకండి. బాగా కలిపి మోచెయ్యి ముంచితే వేడీ చలీ రెండూ తెలియకూడదు. మే నెల మధ్యాహ్నం పైట్యాంకు నీళ్లే కాలతాయి, కుళాయి తిప్పి నేరుగా పోసేయకండి.

బిడ్డ టబ్‌లో ఉండగా వేడినీళ్లు కలపకూడదు. చల్లారితే బిడ్డని తీసెయ్యడమే.

రాడ్డు హీటర్ వాడేవాళ్లు ప్లగ్గు పీకి, రాడ్డు బయటికి తీసి, బకెట్ వేరే చోటికి జరిపాకే నీళ్లలో వేలు పెట్టాలి. స్విచ్ ఆపితే చాలదు, పాత ఇళ్లలో స్విచ్ కరెంటు వచ్చే తీగ మీద కాకుండా న్యూట్రల్ తీగ మీద ఉండొచ్చు, అప్పుడు ఆపినా రాడ్డులో కరెంటు ఉంటుంది.

లాలపీట:
నాలుగుకి ఆరు బాత్రూమ్‌లో టబ్ కంటే కాళ్ల మీద పొయ్యడమే నయం అంటాను. ఆరడుగుల వైపు గోడకి వీపు ఆన్చి, నాలుగైదు అంగుళాల పీట మీద కూర్చుని కాళ్లు చాపితే సరిగ్గా సరిపోతుంది. మోకాళ్లనుంచి పాదాలదాకా పలచటి నూలు గుడ్డ పరవండి. గుడ్డ లేకుండా నూనె ఒంటితో బిడ్డ సబ్బులా జారుతుంది. తల మీ పాదాల వైపు, కాళ్లు మీ పొట్ట వైపు. మగ్గు జానెడు కంటే పైకెత్తకండి. తల మీద పోసేటప్పుడు నుదుటి మీద అరచేతిని చూరులా అడ్డం పెడితే నీళ్లు పక్కకి పోతాయి, కళ్లలోకి ముక్కులోకి రావు. ముక్కులో ఊదడం, చెవుల్లో నూనె పొయ్యడం, తల ఆకారం కోసం ఒత్తడం వద్దు.

నూనె మర్దన గదిలోనే, పాత దుప్పటి మీద. కొబ్బరినూనె రెండు చెంచాలు చాలు. ఎత్తుకునే ముందు మీ అరచేతులు తుడుచుకోండి.

పురిటిగది:
కాళ్ల మీద పద్ధతికి నా అభ్యంతరం ఒక్కటే: అలవాటు లేని చేతికి మెడ నిలపని బిడ్డ కష్టం, ఆపరేషన్ అయినవాళ్లకి ఆ కూర్చోవడం అసలు కుదరదు. మొదటి మూడు నెలలు టబ్‌లో రెండు మూడు అంగుళాల నీళ్లతో మొదలుపెట్టొచ్చు. మీ ఎడమ ముంజేయి మెడ కింద, అదే చెయ్యి అవతలి చంక చుట్టూ పట్టు. స్నానం చివరిదాకా ఆ పట్టు వదలకూడదు. తల కడగడం ఆఖర్న, తడితలనుంచి చాలా వేడి పోతుంది. మొత్తం ఐదు నుంచి పది నిమిషాలు. పాలు తాగిన వెంటనే కాకుండా అరగంటో గంటో ఆగండి.

సున్నిపిండి తొలి నెలల్లో వద్దు, ఎంత మెత్తగా ఆడించినా రవ్వ చర్మాన్ని గీరుతుంది. సాంబ్రాణి పొగ చిన్న గదిలో అసలే వద్దు. తల ఆరడానికి పొడి టవల్ చాలు.

నీళ్లవేడి:
సున్నిపిండికీ నూనెకీ ఇంకో బాధ ఉంది. రెండూ కలిసి జాలీ కింద ముద్దగా గడ్డకట్టి నీళ్లు నిలిచిపోతాయి. వాడేవాళ్లు జాలీ మీద పలచటి గుడ్డ కప్పి, స్నానమయ్యాక ముద్ద చెత్తలో వేయండి. వారానికోసారి జాలీ ఎత్తి కడగాలి. నూనె పడ్డ టైల్సుని గిన్నెలు తోమే సబ్బుతో వేడినీళ్లతో కడగకపోతే తర్వాత వచ్చినవాళ్లు జారిపడతారు. కమోడ్‌ని యాసిడ్‌తో కడిగిన పూట బిడ్డని అక్కడికి తీసుకెళ్లకండి.

టైల్సుకి అతికించే రబ్బరు కొక్కేలు ఆవిరికి ఊడిపడతాయి. టవల్‌కి తలుపు పైఅంచుకి తగిలించే ఇనుప కొక్కెం నయం. టవల్ స్నానం మొదలుకాకముందే మీ భుజం మీద ఉండాలి.

ఎడిసన్_ఫ్లాట్:
ఇక్కడ న్యూజెర్సీ అపార్ట్‌మెంట్లలో సంగతి కాస్త వేరు. బాత్‌టబ్ లోతు ఎక్కువ, దానిమీదకి వంగితే నడుము పోతుంది. బేబీ టబ్‌ని వంటగది సింకులో పెట్టేవాళ్లు చాలామంది. నిలబడి చేయొచ్చు, పర్లేదు. కాకపోతే పారే కుళాయి కింద బిడ్డని పట్టకండి, పక్కింట్లో ఎవరైనా ఫ్లష్ నొక్కితే నీళ్ల వేడి ఒక్కసారిగా మారుతుంది. నింపి, ఆపి, కుళాయి పక్కకి తిప్పి అప్పుడు. హీటర్ 120 ఫారన్‌హీట్, అంటే 49 డిగ్రీలు దాటకుండా పెట్టమని మేనేజ్‌మెంట్‌ని అడగొచ్చు. డైపర్ చోటు కార్పెట్ మీదైతే రబ్బరు షీటు రెండు వరసలు వేయండి.

కొత్తపొత్తిళ్లు:
చాలా పనికొచ్చాయి. రెండు ప్రశ్నలు. వాడిన డైపర్లు రోజూ ఎక్కడ వెయ్యాలి? చర్మం ఎర్రబడితే ఏం చెయ్యాలి?

తెల్లగుడ్డ:
మలం కమోడ్‌లో వదిలి, డైపర్‌ని గట్టిగా చుట్టి దాని అంటులతోనే బిగించి పేపర్లో కట్టాలి. 2016 ఘన వ్యర్థాల నిబంధనలు అలా చుట్టి పొడి చెత్తలో వేయమనేవి. ఏదేమైనా తడి చెత్తలో కలపకుండా విడిగా ఇవ్వండి. ఊడ్చే మనిషి చేత్తో విప్పాల్సిన పరిస్థితి రానివ్వకండి, పేపరు మీద ఎర్ర గుర్తు ఒకటి వేస్తే వాళ్లకి తెలుస్తుంది. కమోడ్‌లో పడేస్తే లోపలి జెల్ ఉబ్బి పైపు మూసుకుపోతుంది.

పురిటిగది:
మామూలు ఒరుపు అయితే రెండు గంటలకోసారి మార్చడం, వైప్స్ మానేసి నీళ్లతో కడగడం, రోజుకి నాలుగైదుసార్లు పది నిమిషాలు డైపర్ లేకుండా ఉంచడం, జింక్ క్రీము మందంగా రాయడం. రెండు మూడు రోజుల్లో తగ్గాలి. మడతల లోపల కూడా మంకెనపువ్వంత ఎర్రగా ఉండి, చుట్టూ చిన్న చిన్న ఎర్రచుక్కలు విడిగా కనిపిస్తే అది ఫంగస్. జింక్‌తో తగ్గదు, డాక్టర్ చూడాలి. మందుల షాపులో ఇచ్చే మూడు మందులు కలిపిన క్రీముల్లో స్టెరాయిడ్ ఉంటుంది, డైపర్ కింద అది ఇంకా ఎక్కువగా చర్మంలోకి ఇంకుతుంది. రాయకండి.

కొత్తపొత్తిళ్లు:
పుట్టింట్లో గ్యాస్ గీజర్. బాత్రూమ్ లోపలే బిగించారు. రెండు నెలలు అక్కడే ఉండాలి.

నీళ్లవేడి:
దాన్ని బాత్రూమ్ బయటికి మార్పించండి, కాన్పుకి ముందే. మూసిన చిన్న గదిలో గ్యాస్ మండితే కార్బన్ మోనాక్సైడ్ పేరుకుంటుంది. వాసన రాదు, రంగు ఉండదు, మగతగా అనిపించేలోపే కాళ్లు లేవవు. మార్పించేదాకా తలుపూ కిటికీ తెరిచి బకెట్ నింపండి, గీజర్ ఆపండి, ఐదు నిమిషాలు గాలి ఆడనివ్వండి. ఆ బకెట్ పడగ్గదిలోకి తెచ్చుకుని, రబ్బరు షీటు మీద టబ్ పెట్టి అక్కడే పొయ్యండి. పసిబిడ్డకి ఆరేడు లీటర్లు చాలు.