ఏసీ గదిలోంచి బయటికి తేగానే లెన్స్‌కి ఆవిరి పట్టేస్తోంది, ఎలా ఆపాలి?

వెన్నెల_ఫ్రేమ్:

కెమెరా రాత్రంతా 22 డిగ్రీల ఏసీ గదిలో ఉంటుంది. పొద్దున్న బయట 32 డిగ్రీలు, తేమ 75 శాతం. మూత తీసిన అరనిమిషంలో 70-200 జూమ్ లెన్స్ ముందు అద్దం తెల్లగా అయిపోతుంది. తుడిస్తే పది సెకన్లలో మళ్లీ అదే. లెన్స్ ముందు బిగించిన యూవీ ఫిల్టర్ లోపలి వైపు కూడా పడుతోంది. చిన్న 18-55కి త్వరగానే పోతుంది కానీ పెద్ద లెన్స్‌కి చాలాసేపు పడుతోంది.

బ్యాగులో తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు నాలుగు వేసినా లాభం లేదు, ఎందుకని? బయటికి తెచ్చాక ఎంతసేపు ఆగాలి? ఇలా పదేపదే పడితే లోపల ఫంగస్ వస్తుందా?

కటకం_పెట్టె:

వెన్నెల గారూ, తేమ శాతం ఒక్కటే చూస్తే ఇది తేలదు. చూడాల్సింది డ్యూ పాయింట్. అంటే గాలిలోని ఆవిరి నీరుగా మారడం మొదలుపెట్టే ఉష్ణోగ్రత. అద్దం అంతకంటే చల్లగా ఉంటే నీరు పడుతుంది, వెచ్చగా ఉంటే పడదు. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకి చెమట పట్టేది కూడా ఇందుకే.

నోటి లెక్క ఒకటుంది. 100లోంచి తేమ శాతం తీసేయండి, మిగిలినదాన్ని 5తో భాగించండి, వచ్చినదాన్ని గాలి ఉష్ణోగ్రతలోంచి తీసేయండి. మీ అంకెలతో చేస్తే 25 బై 5, అంటే 5. 32లోంచి 5 పోతే 27. తేమ 50 శాతం పైన ఉన్నప్పుడు ఈ లెక్క ఒక డిగ్రీ అటూ ఇటూగా సరిపోతుంది. మీ లెన్స్ 22 దగ్గర ఉంది. అది 27 దాటేదాకా ఎన్నిసార్లు తుడిచినా ఆవిరి పడుతూనే ఉంటుంది, ఎందుకంటే తుడవడం వల్ల అద్దం వేడెక్కదు.

సిలికా జెల్ పనిచేయకపోవడానికీ కారణం అదే. అది మూసిన పెట్టెలో గాలిని నెమ్మదిగా ఎండబెడుతుంది తప్ప అద్దాన్ని వేడి చేయదు. బ్యాగు జిప్పు తీసీ తీయగానే బయటి గాలి లోపలికి వచ్చేస్తుంది.

చేయాల్సింది ఇది. గదిలో ఉండగానే, తలుపు తీయకముందే, కెమెరాని లెన్స్‌తో సహా మందపాటి జిప్ కవర్‌లో పెట్టి, గాలి వీలైనంత బయటికి నొక్కి బిగించండి. 70-200 పట్టే కవర్ దొరక్కపోతే చిరుగులేని పెద్ద ప్లాస్టిక్ సంచిలో పెట్టి, మూతి మెలిపెట్టి రబ్బరు బ్యాండు వేస్తే సరిపోతుంది. కార్డూ బ్యాటరీ ముందే సిద్ధం చేసుకోండి, మధ్యలో కవర్ తెరవాల్సిన పని రాకూడదు. ఇప్పుడు కవర్ లోపల ఉన్నది పొడి గదిగాలి, దాని డ్యూ పాయింట్ చాలా తక్కువ. బయటికి తెస్తే నీరు కవర్ పైన పడుతుంది, లెన్స్ మీద కాదు. కవర్ మీద చెమట ఆరిపోయి, పైనుంచి పట్టుకుంటే లెన్స్ గొట్టం చల్లగా తగలకపోతే తెరవచ్చు. తెరిచే ముందు కవర్‌కి ఇంకా ఏమైనా నీళ్లు అంటుకుని ఉంటే తుడవడం మర్చిపోకండి.

చాలామంది ఇక్కడే పొరపడతారు: బయటికి వచ్చాక కవర్‌లో పెడతారు. అప్పుడు తేమ గాలిని లెన్స్‌తో కలిపి కట్టేసినట్టవుతుంది, ఆవిరి లోపలే పడుతుంది.

మూడో_కాలు:

పైన చెప్పింది సరైనదే. దానికి ఒకటి కలుపుతాను: కవర్‌లో పెట్టాక దాన్ని మళ్లీ మెత్తటి కెమెరా బ్యాగులో దూర్చకండి. బ్యాగులోని స్పాంజి చలిని లోపలే పట్టి ఉంచుతుంది. గంట దాటినా లెన్స్ చల్లగానే ఉందంటే సాధారణంగా ఇదే కారణం. నీడలో బల్ల మీద పెట్టి ఫ్యాన్ గాలి తగలనివ్వండి, త్వరగా వెచ్చబడుతుంది. ఎండలో మాత్రం వద్దు, ప్లాస్టిక్ కవర్‌లో వేడి విపరీతంగా పెరుగుతుంది.

సమయం లెన్స్ బరువుని బట్టి ఉంటుంది. 18-55 లాంటి తేలికపాటి వాటికి పదిహేను, ఇరవై నిమిషాలు. లోపల గాజూ లోహమూ ఎక్కువగా ఉండే 70-200 ఎఫ్ 2.8కి నలభై నిమిషాల నుంచి గంట అనుకోండి. గడియారం కంటే చేతి స్పర్శనే నమ్మండి. రబ్బరు రింగు ముందే వెచ్చబడుతుంది కాబట్టి దాన్ని ముట్టుకుని నిర్ణయించకండి. లెన్స్‌ని కెమెరాకి బిగించే చోటు, అంటే మౌంట్ దగ్గరి లోహం ముట్టుకుంటే నిజం తెలుస్తుంది.

ముందు అద్దం తేటపడగానే జూమ్ తిప్పడం మొదలుపెట్టకండి. ముందు అద్దం వెచ్చబడినా లోపలి అద్దాలు ఇంకా చల్లగానే ఉంటాయి. జూమ్ చేసినప్పుడు గొట్టం బయటికి సాగే లెన్స్‌లైతే పంపులాగా బయటి గాలిని లోపలికి పీలుస్తాయి, ఆ తేమ లోపలి అద్దాల మీద పడుతుంది. అక్కడికి గుడ్డ చేరదు. లెన్స్ మార్చడం కూడా అప్పుడు వద్దు, చల్లటి సెన్సర్ గ్లాసు మీద కూడా ఇలాగే పడుతుంది.

వీటన్నిటికంటే తేలిక మార్గం, బయల్దేరడానికి రెండు గంటల ముందే కెమెరాని ఏసీ లేని గదిలోకి మార్చడం. మార్చేటప్పుడు కూడా కవర్‌లోనే. వేరే గది లేకపోతే ఏసీని 28కి పెంచండి. లెన్స్ కూడా 28కి చేరితే పైన లెక్కకట్టిన 27 డ్యూ పాయింట్‌ని దాటేసినట్టే. కారులో వెళ్తుంటే ఏసీ గాలి నేరుగా తగిలే చోట బ్యాగు పెట్టకండి. చేరడానికి పదిహేను నిమిషాల ముందు ఏసీ ఆపి కిటికీలు దించండి, అప్పటికి కెమెరా కవర్‌లో ఉండాలి.

వెన్నెల_ఫ్రేమ్:

ఇద్దరికీ ధన్యవాదాలండీ, లెక్క అర్థమైంది. ఇంకొక్కటి. కార్యక్రమం మొదలైపోయింది, ఆవిరి ఇప్పటికే పట్టేసింది, ఆగడానికి వీల్లేదు అనుకోండి. అప్పుడేం చేయాలి?

కటకం_పెట్టె:

ముందు ఫిల్టర్ విప్పేయండి. ఫిల్టర్‌కీ ముందు అద్దానికీ మధ్య చిక్కిన తేమ అన్నిటికంటే ఆలస్యంగా పోతుంది. తర్వాత ఫ్యాన్ గాలి ఎదురుగా పట్టండి. తప్పనిసరైతే బ్లోయర్‌తో దుమ్ము ఊది, శుభ్రమైన మైక్రోఫైబర్ గుడ్డతో ముందు అద్దాన్ని ఒక్కసారి ఒత్తి, వెంటనే షాట్ తీసుకోండి. దుమ్ము ఉండగా పదేపదే రుద్దితే కోటింగ్ మీద గీతలు పడతాయి. ఆవిరి ఉన్నంతసేపూ ఆటోఫోకస్ ముందుకీ వెనక్కీ వెతుక్కుంటూ ఉంటుంది, మాన్యువల్‌లో పెట్టుకోవడం మంచిది.

మళ్లీ ఏసీలోకి పరుగెత్తకండి. పొడిగాలికి ఆవిరి పోతుంది నిజమే కానీ లెన్స్ మళ్లీ చల్లబడుతుంది, బయటికి రాగానే కథ మొదటికొస్తుంది. లోపలా బయటా రెండు చోట్లా తీయాల్సి వస్తే రెండో కెమెరా బాడీని మొత్తం సేపూ బయటే ఉంచడం ఉత్తమం.

హెయిర్ డ్రయ్యర్ జోలికి వెళ్లొద్దు. ఒకేచోట వేడి తగిలితే లోపలి గ్రీజు కరిగి, లోపలికి వచ్చే వెలుగుని తగ్గించి పెంచే అపెర్చర్ రేకుల మీదికి పాకే ప్రమాదం ఉంది. సూర్యుడి వైపు తిప్పి ఆరబెట్టడం ఇంకా ప్రమాదం, ఆ వెలుగు ఒకచోట కేంద్రీకరించి షట్టర్‌నీ సెన్సర్‌నీ కాల్చేస్తుంది. కళ్లద్దాలకి వాడే యాంటీ ఫాగ్ ద్రావణాలు లెన్స్ అద్దానికి పూయకండి. వాడాలనుకుంటే ఫిల్టర్ మీదే.

చుక్కల_వేటగాడు:

రాత్రి ఆకాశం తీసేవాళ్లకి ఒక మాట, ఎందుకంటే అక్కడ కారణం వేరు. నిర్మలమైన ఆకాశం కింద లెన్స్ తన వేడిని పైకి కోల్పోయి చుట్టూ గాలి కంటే ఒకటి రెండు డిగ్రీలు చల్లబడుతుంది. తేమ రాత్రుల్లో డ్యూ పాయింట్ కూడా గాలి ఉష్ణోగ్రతకి అంతే దగ్గరగా ఉంటుంది. అందుకే ఎంతసేపు బయట ఉంచినా ఆవిరి పోదు, పెరుగుతుంది. దీనికి మందు యూఎస్‌బీ డ్యూ హీటర్ పట్టీ, అంటే లెన్స్‌ని వెచ్చగా ఉంచే పట్టీ. ముందు అద్దం అంచుకి ఆనేలా, ఫోకస్ రింగుని తాకకుండా చుట్టండి, లెన్స్ ముందు తొడిగే హుడ్ కూడా పెట్టండి. ఆవిరి పట్టాక కాదు, సూర్యాస్తమయం కాగానే తక్కువ వేడి మీద మొదలుపెట్టండి. 5 వాట్ల పట్టీని 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు ఆరు గంటల దాకా నడపగలదు.

మూడో_కాలు:

ఫంగస్ ప్రశ్న మిగిలిపోయింది. పైపైన పడి అరగంటలో ఆరిపోయే ఆవిరితో ఫంగస్ రాదు. తడి కెమెరాని అలాగే బ్యాగులో మూసి రోజుల తరబడి వదిలేస్తే వస్తుంది. నిల్వ ఉంచే చోట తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉండాలి. 60 దాటి చాలాకాలం ఉంటే ప్రమాదం మొదలైనట్టే. మరీ 30 కిందికి దించడం కూడా రబ్బరుకీ గ్రీజుకీ మంచిది కాదు.

తేమని అదుపులో ఉంచే డ్రై క్యాబినెట్ లేకపోతే రబ్బరు సీలున్న ప్లాస్టిక్ డబ్బా, అందులో తేమ కొలిచే చిన్న డిజిటల్ హైగ్రోమీటర్, అరకిలో సిలికా జెల్ పెట్టండి. మీ పొట్లాలకి అసలు చోటు ఇదే. రంగు మారే రకం తీసుకోండి, నారింజ నుంచి ఆకుపచ్చకి మారేది మేలు, నీలంలో ఆరోగ్యానికి హాని చేసే కోబాల్ట్ క్లోరైడ్ ఉంటుంది. రంగు మారాక ట్రేలో పలచగా పరచి ఓవెన్‌లో 110 నుంచి 120 డిగ్రీల మీద రెండు మూడు గంటలు ఉంచితే మళ్లీ పనికొస్తుంది. అంతకంటే వేడి పెడితే రంగు సూచిక పాడవుతుంది. కెమెరాని బియ్యంలో పెట్టమనే సలహా వినకండి, పిండి దుమ్ము తప్ప ఒరిగేది లేదు.

ఆవిరి లోపలి అద్దాల మీదే పడితే కెమెరా ఆపి, బ్యాటరీ తీసి, లెన్స్ వెచ్చబడ్డాక అదే డబ్బాలో ఒక రోజు ఉంచండి. అప్పటికీ మసక పోకపోతే అపెర్చర్ పూర్తిగా తెరిచి, టార్చి వెలుగు పక్కనుంచి వేసి వెనక వైపు నుంచి చూడండి. సాలెగూడు దారాల్లాంటివి కనిపిస్తే ఫంగస్, అంచుల దాకా సమంగా పరుచుకున్న పొర అయితే గ్రీజు ఆవిరై పట్టినది కావచ్చు. రెండింటికీ లెన్స్ విప్పే సర్వీసు అవసరం. ఆలస్యం చేయకండి, ఫంగస్ కోటింగ్‌ని తినేశాక శుభ్రం చేసినా మచ్చ ఉండిపోతుంది.