లుపిటా నీలం గౌను ఇంట్లో కుట్టగలమా?

2014 ఆస్కార్‌కి హాలీవుడ్ నటి లుపిటా న్యోంగో వేసుకున్న ప్రాడా బ్రాండ్ గౌను గుర్తుందా, లేత నీలం, లోతు మెడ, నడుస్తుంటే నీళ్లలా కదిలే సన్నటి మడతలు? రెడ్ కార్పెట్ మీద నాకు అన్నిటికంటే నచ్చింది అదే. చెల్లి రిసెప్షన్‌కి అలాంటిది కుడదామని జార్జెట్ 6 మీటర్లు కొనేశాను, ఇప్పుడు కత్తెర పెట్టాలంటే టెన్షన్. లోతు మెడకి అమ్మ ఎలాగూ ఒప్పుకోదు, అది వదిలేయండి. మడతలు నిలుస్తాయా?

సూదీదారం: మీది పాలియెస్టర్ జార్జెట్ అయితే వేడితో ప్లీటింగ్ చేయించండి, ఉతికినా ఉంటాయి. పట్టు అయితే తడిస్తే పోతాయి. దగ్గర దగ్గర మడతలకి నడుం కొలతకి మూడింతలు గుడ్డ కావాలి, లైనింగ్ మాత్రం మడతల్లేకుండా విడిగా.

పాతమిషన్: జార్జెట్ జారిపోతుందండీ, కింద న్యూస్‌పేపర్ పరిచి, దాంతో కలిపి పిన్నులు పెట్టి కత్తిరించండి. సూది 11 నంబర్. నేనోసారి క్రాస్‌లో, అంటే గుడ్డని ఏటవాలుగా, కట్ చేసిన గౌనుకి ఆ రాత్రే అంచు మడిచి కుట్టేశా, తెల్లారేసరికి ఒక పక్క రెండంగుళాలు సాగి వేలాడుతోంది! ఒక రోజు హ్యాంగర్‌కి వేలాడదీశాకే అంచు.

కుచ్చిళ్లు: నేనైతే 2024లో న్యూయార్క్ ఫ్యాషన్ వేడుక మెట్ గాలాలో ఆలియా భట్ కట్టిన, డిజైనర్ సబ్యసాచి చీర చూసి జాకెట్టుకి మగ్గం పని మొదలుపెట్టా. దానికి 163 మంది, 1965 గంటలు పట్టిందట. నేనొక్కదాన్నే, నెలైంది, ఒక చెయ్యి అయింది.

అడిగినవారు: దారం కాల్చి చూశా, ముద్దయింది, అంటే పాలియెస్టరే! రేపే ప్లీటింగ్‌కి ఇస్తా.