జింక అడ్డొచ్చిందా, రోడ్డు అడ్డొచ్చిందా?

బండి గుద్ది రోడ్డు మీద చనిపోయే అడవి జంతువులకి ఇంగ్లీషులో ‘రోడ్‌కిల్’ అని ఒక్క మాట ఉంది కదా, తెలుగులో ఏమందాం అని నిన్న ఇక్కడ ఒకరు అడిగారు. ‘రహదారి మృతి’, ‘దారిచావు’ అని జవాబులు వచ్చాయి. వాటికంటే ముందు, మనం రోజూ వాడే మాట ఒకటి చూడాలి. ‘అడ్డొచ్చింది.’

పాము అడ్డొచ్చింది, జింక అడ్డొచ్చింది అంటాం. ‘అడ్డం’ అంటే నిలువు కానిది. గీత అడ్డంగా గీశాం అంటే అందులో గీత తప్పేమీ లేదు. ‘అడ్డు’ అంటే మాత్రం ఆటంకం. జింక రోడ్డుకి అడ్డంగా నడిచింది, అంతే. మనం చెప్పేసరికి అది మన ప్రయాణానికి అడ్డైపోతుంది, తప్పు దాని మీదికి పోతుంది. నీళ్లకీ మేతకీ అది తిరిగే దారికి తారురోడ్డే అడ్డంగా వచ్చిందని మాత్రం అనం.

రాత్రిళ్లు పాములు రోడ్డెక్కేది పగటి వేడి తారులో ఇంకా మిగిలి ఉంటుంది కాబట్టి. జింక హెడ్‌లైట్ల ముందు కదలకుండా నిలబడిపోయేది, చీకటికి అలవాటుపడ్డ కళ్లకి ఆ వెలుగులో ఏమీ కనబడక. దాన్ని ‘అడ్డంగా నిలబడింది’ అంటే నాకు మనసు చివుక్కుమంటుంది. ఆ కళేబరాన్ని తినడానికి వచ్చిన నక్క కూడా అక్కడే పోతుంది.

‘గుర్తు తెలియని వాహనం ఢీకొని చిరుత మృతి’ అనే పత్రికల వాక్యంలో గుద్దింది వాహనమనైనా ఉంది, నడిపిన మనిషే లేడు. ‘బండి కింద పడి చచ్చింది’ అన్నది ఇంకా అన్యాయం. పడటం దాని పనే అన్నట్టుంది.

పెంచ్ పులుల అభయారణ్యం దగ్గర 44వ జాతీయ రహదారిని పైకి లేపి, కింద జంతువులకి దారి వదిలారు. పులులు కూడా ఆ దారిన నడుస్తున్నాయి. బందిపూర్ అడవిలో 2009 నుంచి రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మామూలు బళ్లని ఆపుతున్నారు. ఈ రెండు చోట్లా అడ్డు తొలగాల్సింది ఎవరో సరిగ్గానే గుర్తించారు.

తర్వాత చేర్చినది: మరి ఏమనాలి అని అడిగారు. ‘దాటుతున్న జింకని గుద్దేశాం’ అనొచ్చు. చివరి ‘శాం’లో మనం ఉన్నాం. పేరుకైతే ‘దారిచావు’ కంటే ‘బండిచావు’ నాకు నచ్చింది. చంపిందేదో అందులో తెలుస్తుంది.